జమ్మి లోపు తీరాల్సిన పగ

ముందే ప్రమాణం చేస్తున్నాను. బొగ్గుబాయిలోకి దిగే ముందు ఏ మైసమ్మ గద్దె దగ్గర చెప్పులు విడిచి దండం పెట్టేవాణ్ణో, ఆ తల్లి సాక్షిగా ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగిన వాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. శ్రీరాంపూర్ దారిలో ఎలుగుబంటి నన్ను ఆపి అగ్గిపెట్టె అడిగిందని ఊరంతా చెప్పుకున్నది నేనే. అది వేరు సంగతి. ఇది పగ సంగతి. పగ దగ్గర నేను అబద్ధమాడను.

నా పగ మా సడ్డకుడి మీద. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. నేను మందమర్రి బాయిలో గాలి సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. ఆయన మా అత్తగారి ఊరు హుజూరాబాద్‌లోనే వడ్ల వ్యాపారి. ఇంటి పెద్దబిడ్డను చేసుకున్నాను కనుక వరసలో నేను పెద్ద. వయసులో ఆయన పెద్ద, అదీ ఒక్క వానాకాలమంత. ఈ రెండు పెద్దరికాల నడుమ మా అత్తగారింట్లో ప్రతి దసరాకూ ఒక గండం వచ్చేది.

మా దిక్కు దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పంచుకుంటారు. చిన్నవాడు పెద్దవాడి చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాలి. పెద్దవాడు భుజాలు పట్టి లేపి, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాలి. దాంతో పాత కోపాలన్నీ చెల్లు. జమ్మి పెట్టిన తర్వాత కూడా పగ పట్టుకుని వేలాడేవాణ్ణి మనిషిలో లెక్కపెట్టరు. కనుక బుద్ధి ఉన్నవాడు తన పగను ఆ పొద్దు గూకేలోపే తీర్చుకోవాలి.

మేమిద్దరం ఎన్నడూ ఒకరికొకరం జమ్మి పెట్టుకోలేదు. నేను ఎదురుపడితే ఆయనకు బయట ఎవరో పిలిచినట్టు వినిపించేది. ఆయన ఎదురుపడితే నాకు కడుపులో నొప్పి లేచేది. పలకరింపులూ అంతే. నేను ఆయనను "తమ్మీ" అనేవాణ్ణి. ఆయనా నన్ను "తమ్మీ" అనేవాడు. మా ఇద్దరిలో అన్న ఎవరో దేవుడికే తెలియాలి.

తొంభైల నడిమిలో ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటర్ ఒకటి నా చేతికొచ్చింది. పిల్లల చదువుకని ఇంట్లో చెప్పాను. నిజానికి కార్ల పందెం ఆట కోసం తెచ్చుకున్నాను. పొద్దంతా భూమి కింద చీకట్లో నడిచేవాడికి, స్నానం చేసి కూర్చుని, తెర మీద ఎండ కాస్తున్న రోడ్డులో కారు తోలడం ఎంత సుఖమో పైన బతికేవాళ్లకు చెప్పినా తెలియదు. చిక్కల్లా ఒక్కటే. ఆట కొత్తది, డబ్బా పాతది. మలుపు దగ్గర నేను మీట నొక్కితే, అది కాసేపు ఆలోచించుకుని, ఇంట్లో పెద్దలను అడిగి వచ్చి, అప్పుడు తిరిగేది. ఈలోగా నా కారు చెట్టుకు గుద్దుకునేది.

మా చిన్నోడి పుట్టువెంట్రుకలు తీసిన నాడు సడ్డకుడు మా క్వార్టర్‌కు వచ్చాడు. భోజనాలయ్యాక చుట్టాలందరి నడుమ నా కుర్చీలో నా అనుమతి లేకుండా కూర్చుని ఆట మొదలుపెట్టాడు. కారు రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి నిలబడిపోయింది.

"తమ్మీ, గిది కంప్యూటరా, కుట్టు మిషనా? కాలుతోని తొక్కుడు యాడున్నది?" అని కిందికి వంగి వెతికాడు.

అందరూ నవ్వారు. మా మామ కూడా నవ్వాడు. అందరి నవ్వులూ పోయాయి గానీ, మామ నవ్వు మాత్రం నా లోపల నిప్పురవ్వలా ఉండిపోయింది.

"బండి కుంటిదైతేంది తమ్మీ, తోలెటోడు కుంటోడు కాదు" అన్నాను.

"అట్లనా? నేను కొత్తది కొన్న. దసరాకు అత్తమ్మోళ్లింటికి తెస్త. నీ మిషన్ నువ్వు తెచ్చుకో. ఒకటే ఆట, ఒకటే రోడ్డు. ఎవలు జల్ది ముట్టితె వాళ్లే పెద్ద. ఓడినోడు జమ్మి పెట్టి అందరి ముంగట కాళ్లు మొక్కాలె. బతికినన్నొద్దులు అన్నా అనాలె. ఉన్నదా దమ్ము?"

"ఉన్నది" అన్నాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తుంది.

చుట్టాలు వెళ్లిపోయాక నా భార్య గిన్నెలు ఎత్తేస్తూ అంది: "ఏం మాటిచ్చినవో ఎరికేనా? నువ్వు వంగితె నేను వంగినట్టే. ఇగ నా చెల్లె పెద్దబిడ్డయితది. మా అవ్వ గారెలు ముందుగాల దాని మొగని ఇస్తారిలనే వేస్తది. అప్పుడు నువ్వు నాకు మొఖం చూపియ్యకు."

కొత్త కంప్యూటర్ కొనే తాహతు నాకు లేదు. టేప్‌రికార్డర్ అమ్మేశాను. సెలవు రోజున డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను. పక్క సీటు ముసలమ్మ దుప్పటి మీద చెయ్యి వేసి, "పిల్లగానికి జరమొచ్చిందా బిడ్డా, ఒళ్లు సల్లగున్నది" అంది. దవాఖానకే తీసుకుపోతున్నానని చెప్పాను. ఆమె దిగేదాకా జాలిపడింది.

గల్లీలో రిపేరు దుకాణంవాడు మూత ఊడదీశాడు. లోపలి నుంచి మందమర్రి రాలింది. కాలనీలో గాలి వీస్తే బట్టలూ బియ్యమూ నల్లబడేవే; ఆ డబ్బా ఆ బొగ్గుపొడిని ఊపిరితిత్తుల నిండా పీల్చుకుని ఉంది.

"అన్నా, గిండ్లకెళ్లి కంప్యూటర్ బయటికి తియ్యాల్నా, బొగ్గు తియ్యాల్నా?" అన్నాడు అతను, ముక్కుకు రుమాలు కట్టుకుంటూ. ఆ పొడిని ముద్ద చేసి అంటిస్తే ఆ పూట దుకాణంలో అందరికీ చాయ్ కాగింది. మళ్లీ చెబుతున్నాను, మైసమ్మ సాక్షి.

తర్వాత తేల్చి చెప్పాడు. మొత్తం మార్చాలంటే నా జేబు చాలదు. ర్యామ్ పెంచుకోవచ్చు, అంటే మిషన్ పని చేసేటప్పుడు చేతిలో సామాన్లు పెట్టుకునే జాగా. చచ్చిపోయిన వేరే మిషన్ లోంచి పీకిన ముక్కలు ఉన్నాయి, చవక. వాటి అంచుకు బంగారు రంగు పళ్లు ఉన్నాయి. ఇంటికి తెచ్చాక నా భార్య వాటిని తిప్పి చూసి, "నా పుస్తెలతాడుకు మెరుగు లేదు గని, దీనికి బంగారిపళ్లు కట్టిచ్చినవా?" అంది.

దుకాణంవాడు ఇంకో మాట కూడా చెవిలో వేశాడు. బోర్డు మీద గోరంత టోపీ ఒకటి ఉంటుంది. దాన్ని ఒక పుల్ల మీంచి తీసి పక్క పుల్లకు తొడిగితే, ప్రాసెసర్ దాని మీద రాసి ఉన్నదానికంటే జోరుగా ఉరుకుతుంది.

"గని బాగ వేడెక్కుతది. కాలితె నా జిమ్మా కాదన్నా."

"వేడి ఫికర్ నాకిడిసిపెట్టు" అన్నాను.

ఎందుకంటే గాలిని ఎటు పొమ్మంటే అటు పంపడమే నా కొలువు. బాయిలో గాలికి రావడానికొక దారి, పోవడానికొక దారి ఉండాలి. నడుమ తెరలు కట్టాలి. లేకుంటే వచ్చిన గాలి పని చేసేచోటికి పోకుండా దొంగదారిన బయటపడుతుంది. డబ్బాలోనూ అదే చేశాను. ర్యామ్ ముక్కలతో పాటు ఆ చచ్చిన మిషన్ లోంచే తెచ్చుకున్న ఫ్యానును రెండోదిగా బిగించి, పాత కిటికీ పరదా కత్తిరించి లోపల తెర కట్టి, గాలి ప్రాసెసర్‌ను ఒరుసుకునే పోయేలా చేశాను. టోపీ మార్చాను. మీట నొక్కాను. కారు మలుపులో నా వేలికంటే ముందే తిరిగినట్టనిపించింది.

దసరా దాకా డ్యూటీ దిగిన ప్రతి పూటా సాధన చేశాను. ఎదురొచ్చిన ప్రతి కారులోనూ సడ్డకుణ్ణే కూర్చోబెట్టాను. కొన్నిటిని దాటాను, కొన్నిటిని కావాలనే గుద్దాను. కళ్లు మూస్తే ఆయన నడినెత్తి మీది బట్టతల కనిపించేది. దాన్ని నేనెప్పుడూ పైనుంచి చూసింది లేదు. చూడాలని ఉండేది.

పండుగ నాడు హుజూరాబాద్‌లో అత్తగారింటి నడిమి గదిలో రెండు కంప్యూటర్లూ ఎదురెదురుగా పెట్టాం. ఆయనదానికి తెల్లగా మెరిసే డబ్బా, పక్కన స్టెబిలైజర్. నా డబ్బాకు మూత కూడా సరిగ్గా పట్టడం లేదు. సందులోంచి పరదా పువ్వులు కనిపిస్తున్నాయి.

"తమ్మీ, లోపల తెర పట్టినవ్, దానికి లగ్గం చేస్తున్నవా?" అన్నాడు.

ముందు ఆయన ఆడాడు. తెర మీద పడిన సమయాన్ని మా మామ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మంచి సమయమే. కానీ మా క్వార్టర్‌లో నేను అంతకంటే తక్కువలో ముట్టిన రోజులున్నాయి. చేతులు తుడుచుకుని కూర్చున్నాను. ఆట మొదలైంది. మొదటి మలుపు దాటానో లేదో గదిలో బల్బు ముద్దబంతి రంగుకు దిగింది, నా తెర ఒక్కసారి ముడుచుకుని నల్లబడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

"మీ బాయి కరెంటు సంచిల తెచ్చుకోలేదా తమ్మీ?"

జనం పొట్టలు పట్టుకున్నారు. మా కాలనీలో కరెంటు కంపెనీది, ఎప్పుడూ నిండుగా ఉండేది. బయట ఊళ్లలో అది చిక్కిపోతుందన్న ఆలోచనే నాకు రాలేదు. నా భార్య మేనమామ స్టెబిలైజర్ ఇమ్మని సడ్డకుణ్ణి అడిగాడు. "ఎవల సామాను వాళ్లదే అన్న గద మామా" అన్నాడు. అని ఊరుకోలేదు. మంచం అంచున కూర్చుని, రెండు కాళ్లూ ముందుకు చాపి, బొటనవేళ్లు ఆడించాడు.

"జల్ది తేల్చుండ్రి, జమ్మికి యాళ్లయితున్నది" అన్నాడు మా మామ.

అప్పుడే గారెల వాసన వచ్చింది. పొయ్యి పొగ మాత్రం లేదు. పొగ లేకుండా గారెలు ఎట్లా వేగుతున్నాయి? ఒక్క ఉరుకున వెనక గదిలోకి పోయాను. నా భార్య కాయిల్ హీటర్ మీద మూకుడు పెట్టి గారెలు వేస్తోంది. బాయి కాలనీల ఆడవాళ్లకు అదే పొయ్యి. కరెంటు కొరత తెలియదు కనుక చాయ్ నుంచి స్నానాల నీళ్ల దాకా దాని మీదే. పుట్టింటికి వస్తూ చీరలతో పాటు దాన్నీ సంచిలో పెట్టుకొచ్చింది. ఆ తీగచుట్ట ఎర్రగా మండుతూ ఇంట్లో ఉన్న కాస్త కరెంటునూ తాగేస్తోంది.

"బంద్ పెట్టు" అన్నాను.

"వాయ నడుమల ఆపితె గారెలు నూనె తాగుతయి. అవ్వ తిడుతది."

"ఆపకపోతె నీ చెల్లె పెద్దబిడ్డయితది."

ఆమె నా మొహం చూసింది, గారెలు చూసింది. ప్లగ్గు తీగ పట్టి గోడలోంచి పీకింది. నడిమి గదిలో బల్బు తెల్లబడింది.

తిరిగొచ్చి ఆట పెట్టాను. ఈసారి ఎవరి మాటా చెవిన పడలేదు. రోడ్డు ఒక్కటే ఉంది. ఆఖరి మలుపులో డబ్బాలోంచి వేడి గాలి నా మోకాలికి తగులుతోంది; గాలి నేను చెప్పిన దారినే పోతోందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. కారు గీత దాటింది. మా మామ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"పెద్దల్లుడే. రెప్పపాటంత తేడా."

"గది లెక్కకు రాదు. ఇంకోసారి ఆడుదాం తమ్మీ" అన్నాడు సడ్డకుడు.

"ఎవలు తమ్మి?" అని గుమ్మంలోంచి నా భార్య గొంతు. చేతిలో జల్లిగంటె, దాన్నుంచి నూనె కారుతోంది. "మాట మాటే గద మరిదీ. నూనె తాగిన గారెలు నీ ఇస్తారిలనే వేస్త, వంగి మొక్కి వచ్చి తిను."

పొద్దు గూకింది. అందరూ జమ్మి తెచ్చుకుని వాకిట్లో నిలబడ్డారు. సడ్డకుడు నా చేతిలో ఆకులు పెట్టి, నేల చూస్తూ, పంటి కింద రాయి పడ్డట్టు "అన్నా" అన్నాడు. వంగాడు. ఆయన చేతులు నా కాళ్లదాకా పోకముందే నేను భుజాలు పట్టి లేపి, గుండెలకు హత్తుకున్నాను. నా పగ ఆ జమ్మి ఆకుల్లోనే రాలిపోయింది.

ప్రమాణం చేశాను కనుక ఒక్క ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. భుజాలు పట్టి లేపానన్నది కల్పన. లేపలేదు. సగం వంగినప్పుడు ఆయన ఒకసారి ఆగాడు, నా చేతుల కోసం. నేను చేతులు వెనక కట్టుకున్నాను. ఆయన పూర్తిగా వంగాడు. ఆ బట్టతల నేననుకున్నదానికంటే పెద్దది. వేళ్లు నా పాదాలకు తగిలాక కూడా నేను దీవెన గుర్తు రానట్టు ఆలోచిస్తూ నిలబడ్డాను. లేవబోతుంటే ఆయనకు నడుము పట్టేసింది. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. ఇంకొంచెంసేపు ఆలోచించాను.