ఫ్యాను సంగతి అడగని ప్రోగ్రాము

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఏడిపించడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. భిలాయి రుఆబాంధాలో మా క్వార్టరు వెనక పాడుబడ్డ పంపుహౌసు ఒకటి ఉండేది. అందులో ఎవరో ఏడుస్తున్నారని వీధంతా హడలి చస్తుంటే, లోపలికి వెళ్ళి, ఊడిన రేకు గాలికి కొట్టుకుంటోందని చూసి వచ్చి చెప్పినదాన్ని. ఇప్పటికీ ఎవరైనా అలాంటి మాట ఎత్తితే ముందు రేకు కోసమే వెతుకుతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు ఏ రేకూ దొరకలేదు.

తొంభైల చివర్లో, గనుల నుంచి ఇనుపరాయి రవాణా చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ల పని చూసేదాన్ని. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్ల గడియారాలు తప్పుతాయని అప్పట్లో అందరికీ బెంగ. ఏ సర్వరులో మెమరీ ఎంత, డిస్కు ఎంత, లోపలి చిప్పు ఏ కాలం నాటిది అన్నది ప్రతి నెలా పైవాళ్ళకు చెప్పాలి. సర్వర్లన్నీ ఒకచోట ఉంటే బాధే లేదు. హథ్‌ఖోజ్ గోడౌనులో ఒకటి, రాయిని గూడ్సు బండికెక్కించే రైల్వే సైడింగులో ఒకటి, అన్నిటికన్నా దూరంగా గనుల ఆఫీసులో ఒకటి.

గనుల దగ్గర సర్వరును చూసుకునేది రామ్మూర్తినాయుడు మావయ్య. రక్తసంబంధం ఏమీ లేదు. చనిపోయిన మా నాన్నా, ఆయనా శ్రీకాకుళం పక్క ఒకే ఊరివాళ్ళు, ఒకే రైలెక్కి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరాడు. అత్తయ్య పోయింది, పిల్లల్లేరు.

నెలకోసారి నేను ఫోను చేస్తే, సర్వరు ముందు కూర్చుని వివరాలు ఒక్కొక్కటే చదివేవాడు. ఒకటి చెప్పి ఆగేవాడు. నేను "ఆఁ" అంటేనే రెండోది. నేను కాస్త ఆలస్యం చేస్తే, "రాసుకున్నావేటి పాపా?" అనేవాడు.

అన్నీ అయ్యాక, ఎవరూ అడగకపోయినా ఫ్యాను సంగతి చెప్పేవాడు. రిసీవరు తీసుకెళ్ళి సర్వరు వెనక పెట్టి, "ఇన్నావా? ఫేను బాగానే తిరుగుతంది. మరి నువ్వెలాగున్నావు?" అనేవాడు. మా అసలు మాటలు అక్కడ మొదలయ్యేవి. నా తెలుగులో సగం హిందీయేనని వెక్కిరించేవాడు. నేను ఆయన వంటను వెక్కిరించేదాన్ని. నాన్న పోయాక నన్ను అంత తీరిగ్గా పలకరించిన మనిషి ఇంకొకరు లేరు.

తరవాత నేను ఒక ప్రోగ్రాము రాశాను. నెలకోసారి అదే, కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మోడెమ్ పెట్టె ద్వారా, ఒక్కో సర్వరుకు ఫోను చేసి, వివరాలన్నీ లాక్కుని ఫోను పెట్టేస్తుంది. అవతల కంప్యూటరు పలకకపోతే కాసేపు చూసి, లైను కట్ చేసి, తెర మీద 'జవాబు లేదు' అని చూపిస్తుంది. ఫ్యాను తిరుగుతోందో లేదో ఆ సర్వర్లు చెప్పలేవు కాబట్టి ఆ ప్రశ్న వదిలేశాను. ఆఫీసంతా మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను.

మావయ్య గదిలో ఫోను తీసేసి ఆ లైను మోడెమ్‌కు తగిలించారు. "అయితే ఇక నాతో పనేటీ నేదన్నమాట," అని నవ్వాడు, ఆ ఫోనులో ఆఖరిసారి మాట్లాడినప్పుడు. "పోనీ, విస్వకర్మ పూజకి రా పాపా. పులిహోర సేస్తాను." తప్పకుండా వస్తానన్నాను. ఆ తరవాత ఆయనతో మాట్లాడాలంటే మేనేజరు గదిలోకి పిలిపించాలి. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి.

విశ్వకర్మ పూజ అంటే మా భిలాయిలో యంత్రాలకు సెలవు. తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, ఆ రోజుకు వాటి జోలికి పోరు. కంప్యూటర్లయినా అంతే. ఆ ఏడు ఆఫీసులో పూజ పని నా నెత్తిన పడి, గనులకు వెళ్ళలేకపోయాను. పూజయ్యాక అందరూ ప్రసాదం తింటుంటే ఎలక్ట్రీషియన్ సంతోష్ భయ్యా కేకేశాడు. "దీదీ, పక్క గదిలో మీ మషీన్ ఇంకా నడుస్తోంది. ఇవాళ దానికి కూడా ఛుట్టీ!"

చేతిలో బూందీతోనే వెళ్ళాను. ప్రోగ్రాము నడిచే రోజు ఆ రోజే వచ్చింది. పూజ ఎప్పుడో దానికి నేను నేర్పలేదు కదా, తన పాటికి తను డయల్ చేసుకుంటోంది. మోడెమ్‌కు చిన్న స్పీకరు ఉంటుంది, అవతలి శబ్దం అందులో వినిపిస్తుంది. హథ్‌ఖోజ్ మోగి మోగి ఆగిపోయింది. సైడింగూ అంతే. పూజ చేయించుకుని పడుకున్నట్టున్నాయని నవ్వుకున్నాను. తరవాత గనుల నంబరు.

ఎవరో ఫోను ఎత్తారు. కంప్యూటరు ఎత్తితే వచ్చే ఈల రాలేదు. దగ్గు వినిపించింది. ఆ వెంటనే మావయ్య గొంతు. "మెమరీ ముప్పై రెండు."

చేతిలో బూందీ బల్ల మీద పెట్టాను.

"రాసుకున్నావేటి పాపా?"

"ఆఁ," అన్నాను, ఆ పెట్టెకేసి చూస్తూ. ఆ లైనుకు రిసీవరు లేదు. నా మాట అవతలికి వెళ్ళే దారే లేదు. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా మావయ్య, "డిస్కు రెండు," అన్నాడు. మళ్ళీ ఆగాడు. నేను "ఆఁ" అన్నాకే చిప్పు సంగతి చెప్పాడు.

"మావయ్యా, ఎలా ఉన్నావు?" అని అరిచాను.

"మరి ఫేను..." అంటుండగా లైను తెగింది. కంప్యూటరు పలకలేదని నా ప్రోగ్రామే కట్ చేసింది. తెర మీద 'జవాబు లేదు' అని పడింది.

వెంటనే ఇంకో ఫోను నుంచి గనుల మేనేజరుకు చేశాను. మావయ్య గదికి తాళం వేసి ఉందన్నాడు. సర్వరు ప్లగ్గు పీకేసే ఉందట. నాయుడుగారికి దగ్గు ముదిరి ఊపిరాడకపోతే భిలాయి ఆసుపత్రిలోనే చేర్పించామన్నాడు. ఎవరికి కబురు చెయ్యమంటారని అడిగితే, పాపకు పని ఎక్కువ, ఇబ్బంది పెట్టొద్దన్నాడట మావయ్య.

ఆ ఆసుపత్రి మా ఆఫీసుకు ఎంతో దూరం లేదు. లూనా మీద పరుగెత్తాను. అప్పటికే ముఖం మీద దుప్పటి కప్పేశారు.

అక్కడి నర్సు మలయాళీ. పోయే ముందు ఏవో అంకెలు చెప్పుకున్నారని హిందీలో చెప్పింది. ఒకటి చెప్పి ఆగేవారట, ఎవరో ఊఁ కొట్టినట్టు రెండోది అందుకునేవారట. ఆ మంచం దగ్గరా, ఆ వార్డులోనూ ఫోను లేదు. నేను వెతికాను.

క్రాస్ లైను అయి ఉంటుందన్నారు తెలిసినవాళ్ళు. ఆ మాటే నమ్ముదామని ఎంతో ప్రయత్నించాను. కానీ క్రాస్ లైనులో దొరికిన మనిషి నా "ఆఁ" కోసం ఎందుకు ఆగుతాడు? ఇన్నేళ్ళయినా నాకు అంతుచిక్కలేదు. అయితే నన్ను తినేసేది అది కాదు. నెలనెలా నేను ఫోను చేసి ఉంటే, ఆ దగ్గు మొదట్లోనే నా చెవిన పడేది.

ప్రోగ్రాము తన పని తను చేస్తూనే ఉంది. నేను మాత్రం ప్రతి నెలా అన్ని ఆఫీసులకూ ఫోను చేసి ఫ్యాను తిరుగుతోందా అని అడిగేదాన్ని. నాకు మతి చలించిందనుకున్నారు. అనుకోనీ.

నర్సు ఇంకో మాట కూడా చెప్పింది. అంకెలయ్యాక ఆయన ఫ్యాను గురించి ఏదో అని, ఆ వెంటనే ఇంకేదో అడిగారట. తెలుగు రాక తనకు అర్థం కాలేదట. ఎవరైనా బదులిస్తారేమోనని కాసేపు తలుపు వైపే చూశారంది.

మావయ్య ఏమడిగాడో నాకు తెలుసు.