మా గోలీ డ్యూటీ దిగని శుక్రవారం

మొన్న దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ వాడలో మనవాళ్ల హోటల్లో కూర్చుని కరక్ చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు ఒకే ఫోను చుట్టూ తలలు చేర్చి, ఏదో హాకీ జట్టు ప్లేఆఫ్స్‌లో ఎందుకు ఓడిపోయిందో తేల్చేస్తున్నారు. గోల్‌కీపర్ వల్లనే పోయిందని ఒకడు, కోచ్‌కు బుర్ర లేదని ఇంకొకడు. ఆడినవాళ్ల ఒంటి మీద చెమట ఇంకా ఆరనే లేదు, ఇక్కడ వీళ్ల తీర్పు అయిపోయింది. నా నోరు ఊరుకోదు కదా, "తమ్మీ, మా జట్టు గూడ గిట్లనే సెమీఫైనల్ల ఓడింది, మా గోలీ వల్లనే ఓడింది. కాని అసొంటి గోలీని నేను మళ్ల చూడలే" అన్నాను. వాళ్లు నా డ్రైవర్ యూనిఫాం వంక చూసి, ఈ పెద్దమనిషికి హాకీ ఏమిటన్నట్టు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వుకోనీ పాపం. నాలాగే వయసంతా గల్ఫ్ ఎండలో గడిపినవాళ్లు మీరైనా వింటారని చెబుతున్నాను.

దోహా అవతల మెసయీద్‌లో నేను బస్సు నడిపిన కంపెనీకి ఆ రోజుల్లో ఒక హాకీ జట్టు ఉండేది. సెలవు రోజు సరదా కోసం పోగైన జట్టు కాదు. ఆట కోసమే మనుషుల్ని రప్పించి, క్యాంపులో గదులిచ్చి, రెండు పూటలా ప్రాక్టీసు చేయించి జీతమిచ్చేవారు. నా బామ్మర్ది అందులో ఫుల్‌బ్యాక్. కోరుట్ల కాలేజీలో ఆడుకుంటున్నవాణ్ణి ఆ మాటా ఈ మాటా చెప్పి నేనే రప్పించాను. మా అత్తయితే తన కొడుక్కు దుబాయ్‌లో బంతి ఆడితే జీతమిస్తున్నారని వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోయేది. ఖతార్ అని నేనెంత మొత్తుకున్నా ఆమెకు అది దుబాయే.

జట్టులో ఆట ఉద్యోగం కానివాడు ఒక్కడే, మా గోలీ భాయ్. నిజామాబాద్ మనిషి, ఇంట్లో ఉర్దూ, మాతో మన తెలుగు. వచ్చింది బాయిలర్ ఆపరేటర్‌గా. ఒకరోజు డ్యూటీ దిగి క్యాంపుకు పోతూ ప్రాక్టీసు చూడ్డానికి ఆగి, ప్యాడ్లు కట్టుకుని సరదాగా గోల్‌లో నిలబడ్డాడట. ఆ తర్వాత ఆయన్ని అక్కడి నుంచి కదిలించే మొనగాడు దొరకలేదు. భారీ మనిషి, నడిస్తే బద్ధకంగా కనిపించేవాడు గానీ, బంతి వచ్చేసరికి అంత ఒళ్లూ ఎట్లా లేచేదో ఏమో! ఎనిమిది గంటలు బాయిలర్ వేడిలో నిలబడి వచ్చి, మళ్లీ ఆ బరువైన ప్యాడ్లు కట్టుకుని ఎండలో నిలబడేవాడు. ఒక్కనాడు కూడా అబ్బా అనగా నేను వినలేదు.

మా బస్సులో ఒక ఆనవాయితీ ఉండేది. ఆట ముగిసి వెనక్కి వచ్చేటప్పుడు, నా పక్కనున్న ముందు సీటులో ఎవరు కూర్చోవాలో కెప్టెన్ చెప్పేవాడు. ఆ రోజు బాగా ఆడినవాడిదన్నమాట ఆ సీటు. కెప్టెన్‌ది సికింద్రాబాద్, మాటలు పొదుపు, ఆ సీటు వైపు వేలు చూపించాడంటే పెద్ద బిరుదు కిందే లెక్క. ఎక్కువసార్లు అందులో కూర్చున్నది గోలీ భాయే. కూర్చున్న కాసేపటికే గురక మొదలుపెట్టేవాడు, నేను రేడియో గొంతు పెంచుకునేవాణ్ణి.

అట్లా హాయిగా సాగుతున్న రోజుల్లో కంపెనీకి కొత్త మేనేజర్ వచ్చాడు. ఈ ఏడు జట్టు ఫైనల్‌కు వెళ్తే ఉంటుంది, లేకపోతే ఖలాస్, ఆటగాళ్లను ఇంటికి పంపిస్తానని మొహం మీదే చెప్పాడు. మా వాళ్లు పంతం పట్టి ఆడి సెమీఫైనల్ దాకా వచ్చారు. అటు చూస్తే మా అత్త కొడుకు సంపాదన మీద చిన్నకూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకుని కూర్చుంది. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదంటే నమ్మండి.

సెమీఫైనల్ శుక్రవారం సాయంత్రం, దోహాలో. బాయిలర్ దగ్గర మనుషులు తక్కువ కావడం వల్ల భాయ్‌కి సెలవు దొరకలేదు గానీ, పొద్దుటి షిఫ్టు రెండింటికి అయిపోతుంది, తీరిగ్గా చేరుకోవచ్చుననుకున్నాం. జట్టునంతా ఎక్కించుకుని నేను ఫ్యాక్టరీ గేటు ముందు బస్సు ఆపాను. రెండు దాటింది, రెండున్నర అయింది, మనిషి జాడ లేదు. ఇక ఆగలేక నేనే లోపలికి పోయాను.

భాయ్ బాయిలర్ గేజీల ముందు నిలబడి ఉన్నాడు. డ్యూటీ కవరాల్ కింద అప్పటికే జట్టు మేజోళ్లు తొడుక్కుని ఉన్నాడు. సంగతేమిటంటే, ఆయన తర్వాత షిఫ్టుకు రావలసిన రిలీవర్ క్యాంపులో జ్వరంతో వాంతులు చేసుకుంటూ మంచం పట్టాడు. ఇంకొక బాయిలర్ మనిషిని దోహా నుంచి పిలిపిస్తున్నారు. షిఫ్టు ఇంచార్జ్, ఈజిప్టు పెద్దాయన, పాపం మంచివాడు. "యల్లా, తుమ్ జావ్, మై దేఖేగా" అని భాయ్ భుజం పట్టి తోస్తున్నాడు. ఆయన చూసుకోగలడేమో కూడా. కానీ బాయిలర్ మనిషి బాయిలర్ మనిషికే అప్పజెప్పాలి, అదీ వాళ్ల పద్ధతి.

"డ్రైవర్ సాబ్, మీరు పోండ్రి. మనిషి రాంగనె అప్పజెప్పి నేను ఎనుకనుంచి వస్త. గిట్ల ఇడిచిపెట్టి వస్తె, ఆడ గోల్ల నిలవడ్డా నా పానం ఈడనే ఉంటది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బామ్మర్ది మొహం, మా అత్త మొహం, పెళ్లిపందిరి అన్నీ కళ్ల ముందు తిరిగాయి. గట్టిగా నాలుగు మాటలు అనాలని నోరు తెరిచాను కూడా. ఆయన కళ్లు మాత్రం గేజీ మీదే ఉన్నాయి, తడిగా ఉన్నాయి. ఆ తడి చూసి వెనక్కి వచ్చేశాను.

బస్సులో విషయం చెబితే కెప్టెన్ ఒక్క చెడ్డమాట అనకుండా, "నడువన్నా" అన్నాడు. దారిలోనే నా బామ్మర్దిని గోలీగా నిలబెట్టాలని తేల్చారు. వాడు చూస్తే కట్టెపుల్ల, భాయ్ ప్యాడ్లు వాడికి జారిపోతుంటే తువ్వాళ్లు చింపి బిగించి కట్టారు. మొదటి సగంలోనే రెండు గోల్స్ పోయాయి, ఒకటి వాడి కాళ్ల మధ్య నుంచే పోయింది. మావాళ్లు ప్రాణాలు పెట్టి ఆడి ఒకటి కొట్టారు.

రెండో సగం సగానికి వచ్చేసరికి, ఎవరిదో కూరగాయల పికప్‌లోంచి దూకి, నూనె మరకల కవరాల్‌తోనే భాయ్ పరుగెత్తుకొచ్చాడు. కెప్టెన్ ప్యాడ్లు కట్టుకోమని సైగ చేశాడు. అప్పుడే నా బామ్మర్ది ఒక పెనాల్టీ కార్నర్‌ను అడ్డంగా పడి ఆపాడు. భాయ్ వాణ్ణి తేరిపార చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "పోరడు ఇప్పుడే కుదురుకున్నడు, తియ్యకుండ్రి. మనకు కావల్సింది గోల్ కొట్టుడు, ఆపుడు కాదు" అన్నాడు. తన తప్పు కడిగేసుకునే అవకాశం కాళ్ల దగ్గరికొస్తే ఏ మనిషి వదులుకుంటాడండీ! ఆయన వదులుకున్నాడు. గీత బయట నిలబడి, ఎడమకు, ముందుకు, నిలవడు అంటూ గొంతు పోయేదాకా అరిచాడు. నా బామ్మర్ది ఇంకొక్కటి లోపలికి పోనియ్యలేదు. మావాళ్ల ఆఖరి దెబ్బ మాత్రం గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది.

ఓడిపోయాం. బస్సులోకి అందరికంటే ముందు భాయ్ ఎక్కి, ఎవరి మొహమూ చూడకుండా ఆఖరి వరుసలో కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. కెప్టెన్ నేరుగా వెనక్కి పోయి, ఆయన చెయ్యి పట్టి లేపి నడిపించుకొచ్చి, నా పక్క సీటులో కూర్చోబెట్టాడు. మొదట చప్పట్లు కొట్టింది నా బామ్మర్ది. నాకు రోడ్డు మసకబారింది, కాసేపు బండి తియ్యలేకపోయాను. భాయ్ ఆ రోజు గురక పెట్టలేదు.

మేనేజర్ అన్నంత పనీ చేశాడు. ఒక్కొక్కరినీ నేనే ఎయిర్‌పోర్టులో దించాను. నా బామ్మర్దితో సహా ప్రతి ఒక్కరి పెట్టెలూ మోయడానికి భాయ్ వచ్చాడు. మా అత్త చాలాకాలం నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి. కెప్టెన్ వెళ్లేనాడు మాత్రం, డ్యూటీ బట్టల్లో పరుగున వచ్చిన భాయ్‌ని చూసి, "అప్పజెప్పే వచ్చినవా భాయ్?" అన్నాడు. ఇద్దరూ విరగబడి నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేశారు. అప్పటి నుంచి నేనూ భాయ్ ఎక్కడ కలిసినా పలకరింపు అదే.

భాయ్ నిజామాబాద్ చేరి చాలా ఏళ్లయింది. వచ్చే నెల నేనూ వెళ్లిపోతున్నాను. ఇప్పుడు మా బస్సుల తాళాలు ఎవరి చేతికీ ఇవ్వక్కర్లేదు, గోడకు ఒక డబ్బా ఉంది, డ్యూటీ దిగి అందులో పడేసి కార్డు చూపించి పోవడమే. ఒకప్పుడు బండి అప్పజెప్పేటప్పుడు బ్రేకు కాస్త గట్టిగా ఉందనో, వెనక టైరు చూసుకోమనో నాలుగు మాటలు నడిచేవి, ఒక చాయ్ నడిచేది. నా తర్వాత ఆ బస్సు నడిపేవాడి మొహం ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు.

నిన్న ఫోనులో భాయ్ అడగనే అడిగాడు, బండి ఎవరికి అప్పజెప్పి వస్తున్నావని. డబ్బాకు అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "జర నిలవడు. ఎవలన్న వస్తరేమో చూడు" అన్నాడు.

ఆఖరి రోజు నిలబడే ఉంటాను.