చెట్టు ఖాళీగా లేదు సాబ్

నవంబరు మొదటి వారంలో ఆ పోస్టుకు చేరాను. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వండూర్ జెట్టీ దాకా లారీ, అక్కడి నుంచి పడవ. ఈశాన్య వాన ఇంకా వదల్లేదు. జెట్టీలో పొడిగా ఎక్కించిన రేషన్ బస్తాలు దించేసరికి నానిపోయాయి. పోస్టంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక కొండకొమ్ము. దాని మీద రేకుల షెడ్డు, ఇసుక బస్తాల గోడ, రేడియో గది, యాంటెనా స్తంభం. తాగే నీళ్లు కూడా పడవలో రావాల్సిందే.

నలుగురం ఉండేవాళ్లం. పోస్టు కమాండరు సుబేదార్ సాబ్ గఢ్వాల్ మనిషి. రేడియో ఆపరేటర్ది కేరళ. వంటవాడిది బీహార్. నేను శ్రీకాకుళం జిల్లా హవల్దార్ని. మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అంతకుముందు ఉత్తర సరిహద్దులో పక్కనే గుండు పేలి నా ఎడమ చెవి పోయింది. మెడికల్ బోర్డు నా కేటగిరీ తగ్గించింది. ఇంకొన్నాళ్లకు ఇంటికి పంపేస్తారని తెలుసు. ఈలోగా జాలిపడి ఈ మూలకు తోశారని నా లెక్క. ఎవరితోనూ సరిగా మాట్లాడేవాణ్ణి కాదు. ప్లేటు తీసుకుని దూరంగా పోయి తినేవాణ్ణి.

మొదటి ఉదయమే సుబేదార్ సాబ్ నన్ను టెలిస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"చెవి సంగతి తెలుసు. కళ్లు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి సాబ్."

"బస్. ఇక్కడ నాకు కావలసింది కళ్లే."

నా డ్యూటీ తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడేదాకా. కొండ కింది జలసంధిలో కనిపించిన ప్రతి పడవా ఎటు పోతోందో, ఎంత పెద్దదో చెప్పాలి. రోజులో ఎక్కువ భాగం ఖాళీ నీళ్లే కనిపించేవి.

పోస్టుకు ఎడమ పక్క వాలులో పెద్ద గర్జన్ చెట్టు ఉండేది. పై కొమ్మలు ఎండిపోయాయి. ఆ కొమ్మల పంగలో మంచమంత పుల్లల కుప్ప. నేను చేరిన మూడో రోజో నాలుగో రోజో ఒక గద్ద పొడవాటి పుల్లను కాళ్లతో పట్టుకొచ్చి దాని మీద పెట్టింది. తెల్లటి తల, తెల్లటి పొట్ట, బూడిద రంగు రెక్కలు. సముద్రపు గద్ద. చలికాలంలో ఉత్తరం నుంచి చేపల డేగలు కూడా అక్కడికి వస్తాయి కానీ అవి తిని పోయే చుట్టాలు, గూడు కట్టవు. ఇవి అక్కడి కాపురస్తులు.

నీళ్ల మీద ఏమీ లేనప్పుడు టెలిస్కోపు అటు తిప్పేవాణ్ణి. ఆడది పెద్దది, గుడ్ల మీద కూర్చునేది. మగది చేపలు, అప్పుడప్పుడు నీటిపాములు తెచ్చేది. రెండూ కలిసి అరుస్తాయని, అది బాతు అరుపులా ఉంటుందని ఆపరేటర్ చెప్పాడు. నాకు వినపడలేదు. కుర్చీ తిప్పుకుని కుడి చెవి చెట్టు వైపు పెట్టాను. అప్పుడు వినపడింది. ఆ తరవాత ఆ కుర్చీని నేను ఉన్నన్నాళ్లూ ఎవరూ కదల్చలేదు.

డిసెంబరు చివర్లో పిల్ల పుట్టింది. ఒక్కటే. ఎముకలు విరిచే ఆ వంకర ముక్కుతో తల్లి చేపలోంచి పీచంత ముక్క తీసి, తల పక్కకు వంచి, పిల్ల నోటికి అందించేది. సుబేదార్ సాబ్ నా వెనక నిలబడి టెలిస్కోపులో తన వంతు కోసం చూసేవారు.

జనవరిలో హెడ్‌క్వార్టర్స్ నుంచి ఆర్డరు వచ్చింది. పాత యాంటెనా తీసేసి పొడవాటిది నిలబెట్టాలి. గర్జన్ చెట్టు అడ్డం. కొట్టేయాలి. మనుషుల్ని, రంపాన్ని పంపుతున్నాం, సిద్ధంగా ఉండండి.

సుబేదార్ సాబ్ టీ గ్లాసు పక్కన పెట్టి రేడియో అందుకున్నారు. ఆయన ఆర్డరుకు ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఆ ఏడే ఆయన ప్రమోషన్ ఫైలు కదులుతోంది.

"సాబ్, చెట్టు ఖాళీగా లేదు."

"అంటే? ఎవరున్నారు?"

"ఒక ఫ్యామిలీ సాబ్. ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల."

"పక్షులా?"

"గద్దలు సాబ్. పిల్లకు రెక్కలు రావాలి."

"సిగ్నల్ పోతే బాధ్యత ఎవరిది?"

"నాది సాబ్."

"మార్చి ఆఖరు. అంతే," అంది అవతలి గొంతు.

బాధ్యత ఆయనదే అయినా బరువు మాత్రం ఆపరేటర్ మీద పడింది. పాత యాంటెనాతో దూరానికి సిగ్నల్ సరిగా అందదు కాబట్టి వెనక గుట్ట మీదికి తాత్కాలిక యాంటెనా, బ్యాటరీ మోసుకుపోయి రోజూ రెండు పూటలా మెసేజ్‌లు పంపాలి. గుట్ట ఎక్కే దారంతా బంక మట్టి. "గద్దలకి క్వార్టర్లు, నాకు కూలి పని," అని గొణిగేవాడు. కానీ ఒక్క పూట మానలేదు.

ఫిబ్రవరిలో మగ గద్ద రాలేదు. ఒక పూట, ఒక రోజు, రెండు రోజులు. ఎండ నిప్పులు పోస్తోంది. తల్లి లేస్తే కాకులు గూటి చుట్టూ చేరుతున్నాయి. అది రెక్కలు విప్పి పిల్లకు నీడ పట్టి నిలబడింది, నోరు తెరుచుకుని రొప్పుతూ. వంటవాడు ఎవరూ చెప్పకుండానే చెట్టు కింద బండ మీద రెండు చేపలు పెట్టి వచ్చాడు. మర్నాడు ఉదయం తల్లి ఒక్క ఊపులో దిగి వాటిలో ఒకటి తన్నుకుపోయింది.

ఆ మధ్యాహ్నం అప్పన్న పడవ వచ్చింది. మాకు నీళ్ల పీపాలు తెచ్చే వండూర్ జాలరి. వాళ్ల తాత కాలంలో కళింగపట్నం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. నీళ్లకు రావలసిన రోజు కాదు అది.

"బావూ, మీ గెద్ద మగోడు నా కాడున్నాడు," అన్నాడు. "మడ అడవి పక్కన వల కట్టినాను. సేప కోసం దిగి సిక్కీసినాడు."

"బతికుందా?"

"బతికే ఉన్నాడు. సూడు, ఎలా గీరీసినాడో." చేతికి తువ్వాలు చుట్టి ఉంది, రక్తం తడి.

పడవ ముందు భాగంలో తడి గోనె కింద గద్ద ఉంది, ఒంటి నిండా నైలాన్ దారాలతో.

"వల కోసేశావా? కొత్తది కదా?"

"కొత్తదే. ఆడు కొట్టుకుంతుంటే సూస్తా కూకోలేం కదా భయ్యా."

ఫారెస్టు వాళ్ల పశువుల డాక్టరును రేడియోలో పట్టాం. ఆయన చెబుతుంటే ఆపరేటర్ గట్టిగా అరిచి మాకు వినిపించాడు. తలకు గుడ్డ కప్పాలి, కాళ్లు పట్టుకోవాలి, దారాలు ఒక్కొక్కటే తెంపాలి. కాళ్లు సుబేదార్ సాబ్ పట్టుకున్నారు. కత్తెర నా చేతిలో ఉంది. రెక్క కింద దారం వెతుకుతుంటే దాని గుండె నా వేళ్లకు తగిలింది. అంత వేగంగా కొట్టుకునే గుండెను నేను అంతకు ముందు ముట్టుకోలేదు. దారాలు ఒక్కొక్కటే తెంపుతూ పోయాను.

రెక్క విరగలేదు. రాత్రంతా నీడలో ఉంచి ఉదయం బండ మీద వదిలాం. చాలాసేపు కూర్చుంది. ఎగరదేమో అనుకున్నాం. గూట్లోంచి ఆడది అరిచింది. ఇది జవాబిచ్చి లేచింది.

ఆ పూట నా ప్లేటు తీసుకుని అందరి మధ్యా కూర్చున్నాను. వంటవాడు కాస్త జరిగి చోటిచ్చాడు.

మార్చిలో పిల్ల గూడు వదిలి మొదట పక్క కొమ్మకు, తరవాత గాల్లోకి వెళ్లింది. రంపం మనుషులు వచ్చే ముందురోజు ఆపరేటర్ హెడ్‌క్వార్టర్స్‌కు ఒక రిపోర్టు పంపాడు. గుట్ట మీద నుంచి సిగ్నల్ కింది నుంచి కంటే శుభ్రంగా ఉంది, కొత్త స్తంభం అక్కడే మేలు అని. పరీక్షించి ఒప్పుకున్నారు. చెట్టు మీద వేటు పడలేదు. "సిగ్నల్ కోసమే రాశాను," అన్నాడు మాతో, మొహం అటు తిప్పుకుని.

ఏప్రిల్ చివర్లో నాకు వెనక్కి వెళ్లే ఆర్డరు వచ్చింది. ఇప్పుడు మా ఊరి దగ్గర ఒక గోడౌన్లో సెక్యూరిటీ పని చేస్తున్నాను. సైన్యంలో పనిచేశానంటే జనం సరిహద్దు గురించే అడుగుతారు. నేను దీవి గురించి చెబుతాను. పోస్టులోని ఆ ముగ్గురికీ, అప్పన్నకూ నేను రుణపడి ఉన్నానంటే అడిగినవాళ్లకు అర్థం కాదు. గద్దల కోసమా అంటారు. అవును, గద్దల కోసమే.

తిరిగొచ్చే రోజు అప్పన్న పడవలోనే వచ్చాను. సముద్రం అద్దంలా ఉంది. గోధుమ రంగు పిల్ల గద్ద మా ముందు నీళ్ల మీదికి దూకింది. తప్పింది. మళ్లీ దూకింది. తప్పింది. అప్పన్న ఇంజను ఆపేశాడు. మూడోసారి కాళ్లలో చేప ఉంది, దాని శక్తికి మించిన చేప. పైకి లేవలేక నీళ్లకు ఆనుకునే ఎగిరింది. రెక్కలు కొట్టినప్పుడల్లా వాటి రెండు కొసలూ నీళ్లను తాకాయి. అది ఒడ్డు చేరేసరికి వెనక సముద్రం మీద రెండు వరసల్లో గుండ్రటి అలలు, ఒకదాని తరవాత ఒకటి, నెమ్మదిగా పెద్దవవుతున్నాయి.