అనుకున్నది రాయని అక్క

మా అక్క ఆసుపత్రిలో ఆయా. పద్దెనిమిదేళ్లుగా మగవాళ్ల వార్డులో దుప్పట్లు మార్చి, బెడ్‌పాన్లు కడిగి, షిఫ్టు దిగేముందు ఎవరెలా ఉన్నారో నర్సుకు చెప్పి ఇంటికొస్తుంది. పదో తరగతి పాసైతే నర్సింగ్ అసిస్టెంటు శిక్షణకు తీసుకుంటామన్నారు. వయసు గడువు ఈ ఏడాదితో సరి. లెక్కలూ సైన్సూ గట్టెక్కింది. మిగిలింది సాహిత్యం పేపరు. బడిలో నేను చెప్పేదీ ఆ సాహిత్యమే! ఊరందరి పిల్లల్నీ పాస్ చేయించి, సొంత అక్క దగ్గర బోర్లా పడ్డాను.

ఆరు నెలలు, రోజూ సాయంత్రం వంటింట్లో పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. ఇతివృత్తం, సంఘర్షణ, దృక్కోణం అన్నిటికీ అర్థాలు గడగడా అప్పజెప్పేది. ప్రతీక దగ్గరికి రాగానే నా ప్రాణం తోడేసేది.

"ఈ కథలో మొక్క ఎండిపోయినా ఆమె కుండీ పారేయలేదు. ఆ కుండీ దేనికి ప్రతీకక్కా?"

"పారేయలేదని రాశాడు. ఎందుకో రాయలేదు."

"రాయడు! నువ్వే పట్టుకోవాలి!"

"చూడనిది నేనెలా చెప్తానే?"

వార్డులో వాళ్ల పద్ధతే అంత. చూసింది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. ఆ పద్ధతిని తెచ్చి కథల నెత్తిన రుద్దింది మహాతల్లి.

ఫలితాలొచ్చాయి. మూడు మార్కుల్లో పోయింది. జవాబు పత్రం నకలు తెప్పించి చూశాను. ఆఖరి ప్రశ్న ఐదు మార్కులది. కథలో ఒక తండ్రి 'నేను బాగున్నాను' అని కూతురికి ఉత్తరం రాస్తాడు. అక్షరాలు మాత్రం గీత దాటి వంకర్లు పోతాయి. ఇందులోని ధ్వని ఏమిటి? ధ్వని అంటే పైకి అనకుండా తోపించే అర్థమని ఆమె చేత వందసార్లు చెప్పించాను. మా అక్క రాసిన జవాబు ఇది: "ఆయన బాగున్నానన్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి."

నాకు ఒళ్లు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? వార్డులో ఎవరైనా వణుకుతూ బాగున్నానంటే నీకు తెలీదా?"

"తెలుస్తుంది. నర్సును పిలుస్తా."

"మరి ఇక్కడేం మాయరోగం?"

మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది అక్క.

"చేరిన కొత్తలో ఒక పెద్దాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దగ్గరికెళ్లి చూడలేదు. నిద్రపోతున్నాడనుకున్నా. నర్సుకూ అదే చెప్పా. గంటన్నర దాకా ఎవరూ లేపలేదు." చీర మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ముందే చూసుంటే బతికేవాడన్నాడు డాక్టరు."

జవాబు పత్రం మడిచి పక్కన పెట్టాను.

"అనుకున్నది రాయమంటే పెన్ను కదలదే. నీకోసమైనా రాద్దామని చూశా. నా వల్ల కాలేదు."

ఆరు నెలలు ఆమె మీద అరిచాను. ఎందుకు రాయలేకపోతోందో ఒక్కసారి కూడా అడగలేదు.