శ్రీకూర్మం గుడి బయట చెప్పుల కాపలా

ఆ రోజుల్లో మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చూడదగిన చోట్లను నేను రెండు రకాలుగా విడగొట్టుకుని ఉండేవాణ్ణి. బొబ్బిలి కోట, విజయనగరం కోట, తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే పక్షులు, శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు మనిషన్నవాడు చూసి తీరవలసినవి. అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం మనిషన్నవాడు తప్పించుకు తిరగవలసినవి. ఆ గుళ్లు కట్టింది కూడా మనుషులే కదా అని ఎవరైనా అడిగితే గంటసేపు మాట్లాడగలిగేవాణ్ణి. ఆ గంటలో ఎక్కడా జవాబు ఉండేది కాదని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అంతసేపు నిలబడి విన్నవాళ్లు లేరు గనక అప్పట్లో బయటపడలేదు.

నా పెళ్లి కూడా ఒక సభే. నెల్లిమర్లలో అద్దె హాలు, రెండు దండలు, ఒక మైకు. పురోహితుడు లేడు, తాళి లేదు, ముహూర్తం లేదు (ముహూర్తం లేకపోవడంతో వక్తలకు ఆపే దిక్కు కూడా లేకపోయింది, కులనిర్మూలన మీద మాట్లాడి నేను కూర్చునేసరికి సాంబారు చల్లారిపోయింది). మా ఆవిడను పెంచి పెద్దచేసిన అమ్మమ్మ వెనక వరసలో కూర్చుని అంతా ఓపిగ్గా విన్నది. మేం దండలు మార్చుకుని కిందికి దిగాక దగ్గరికి వచ్చి, "బాగున్నాది బాబూ. మరి పెళ్లెప్పుడు?" అంది. ఇదే పెళ్లని చెప్పాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, విస్తరి ముట్టకుండా వెళ్లిపోయింది.

"దేవుడి సాచ్చి లేని పెళ్లి పెళ్లి కాదు. ఆ కాపరంలో నాను మెతుకు ముట్టను" అన్నది ఆవిడ మాట. నాకు "ఉపన్యాసం బాబు" అని పేరు పెట్టింది. మా ఆవిడ ప్రతి ఆదివారం ఏదో ఒకటి వండి, క్యారేజీ పట్టుకుని అమ్మమ్మ ఇంటికి వెళ్లేది. క్యారేజీ వెళ్లినంత బరువుగానే తిరిగొచ్చేది. అందులో ఉన్నది రాత్రికి మేమిద్దరం తినేవాళ్లం. తను నన్ను ఒక్క మాట అనేది కాదు. వాదించడానికి ఏమీ దొరక్కపోవడం నాకు అలవాటు లేదు.

చివరికి అమ్మమ్మే ఒక మెట్టు దిగింది. శ్రీకూర్మం వచ్చి, కూర్మనాథుడి ఎదట ఇద్దరం నిలబడి దండం పెడితే చాలు, ఆ రోజే మా క్యారేజీలో అన్నం తింటానని కబురు పంపింది. నేను ఊరుకుంటానా? ముందు ఆవిడ నాతో శాలిహుండం కొండ ఎక్కాలని షరతు పెట్టాను. మోకాళ్ల నొప్పులతో వెనక్కి తగ్గుతుందని నా ఎత్తు. "సర్లే. నీ కొండ నానెక్కుతాను, నా గుడికి నువ్వు రా" అంది.

మా బావమరిది వ్యాను తెచ్చాడు. మా ఆవిడ తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి క్యారేజీ సర్దింది. శాలిహుండంలో అమ్మమ్మ నాలుగు మెట్లకోసారి కూర్చుంటూ, వంశధార మీది గాలికి చెమట తుడుచుకుంటూ, నిజంగానే పైదాకా ఎక్కింది. నేను స్తూపం పక్కన నిలబడి మొదలుపెట్టాను.

"ఈ ఇటికలు ఎవులు పేర్సినారు బాబూ?"

"బౌద్ధ భిక్షువులున్న చోటమ్మా ఇది. సంసారాలు వదిలేసినవాళ్లు."

"పెళ్లాలు లేరా?"

"లేరు."

"మరి ఈ బోదంతా ఎవులికి సెప్పీవోరు?"

బావమరిది అటు తిరిగి నవ్వుకున్నాడు. మా ఆవిడ తిరక్కుండానే నవ్వింది.

మధ్యాహ్నానికి శ్రీకూర్మం చేరాం. గుడి ముందు వ్యాను ఆగగానే నాలోని తర్కవేత్త లేచాడు. "గుడికి రమ్మన్నారు, వచ్చాను. లోపలికి రావడం మాత్రం నా వల్ల కాదు. మీరు వెళ్లిరండి, నేను చెప్పులు చూస్తుంటాను" అన్నాను. అమ్మమ్మ చెప్పులు విడిచింది. మా ఆవిడ తన చెప్పులు నా ముందు పెట్టి, "అంత కొండ ఎక్కింది" అని మాత్రం అని, లోపలికి వెళ్లిపోయింది. క్యారేజీ నా పక్కనే ఉంది.

గోడ నీడలో కూర్చున్నాను. కాసేపటికి నౌపడ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం, "కొంచెం సూస్తుండు బాబూ" అని తమవి కూడా నా ముందే విడిచింది. వాళ్లను చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి మరొకరు. నా ముందు చెప్పులు పోగుపడ్డాయి. క్రమశిక్షణ కలిగిన మనిషిని గనక జతలుగా సర్ది వరసల్లో పెట్టాను. (ఎవరి జత ఏ కులానిదో తెలియని ఆ వరసల్ని చూసి, నా పెళ్లి ఉపన్యాసం కన్నా ఇదే మేలని లోపల మురిసిపోయాను కూడా.) అప్పుడొక పెద్దాయన అడిగాడు.

"మొక్కా బాబూ?"

"కాదండీ. నాకు దేవుడి మీద నమ్మకం లేదు."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఒరే, సూసినారా! ఎంత గట్టి మొక్కో. బయటికి సెప్పడు."

"మొక్కు కాదంటుంటే!"

"అవునవును, సెప్పకు. సెప్తే పలించదు. అడగడం నాదే తప్పు."

ఎంత గట్టిగా కాదంటే నా భక్తి అంతగా పెరిగింది. ఒకామె ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టింది. ఇంకొకామె తన పసివాణ్ణి నాకు దండం పెట్టమంది; వాడు నా కళ్లజోడు లాగాడు. ఇంతలో వంగలేని ఒక చేపలమ్మే ముసలామె గోడ పట్టుకుని కాలితో తన చెప్పుల్ని వెతుక్కుంటుంటే, తీసి ఆమె పాదాలకు తొడిగాను. తలెత్తేసరికి ఎదురుగా అమ్మమ్మ, వెనక మా ఆవిడ.

"మీ వోడేటమ్మా? సెప్పుల మొక్కు తీరుస్తన్నాడు. పున్నెం సేసుకున్నారు" అన్నాడు పెద్దాయన.

అమ్మమ్మ ముఖం వెలిగింది. మా ఆవిడ ఆమె వెనకనుంచి నన్ను చూస్తోంది. ఇన్నాళ్ల క్యారేజీలన్నీ ఆ చూపులో ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. నా నోటికి అదొక్కటే రాదు.

"అమ్మమ్మా, ఇది మొక్కు కాదు. నాకు నమ్మకం లేదు. మొక్కని ఒప్పుకుని మీ చేత అన్నం తినిపించలేను."

మా ఆవిడ కళ్లు మూసుకుంది. బావమరిది వ్యాను వైపు నడిచాడు. అమ్మమ్మ నా ఎదురుగా గోడ వారన మెల్లగా చతికిలబడింది.

"మొక్కు కాదని నాకు తెలీదేటి? మొక్కినోడు ఊరుకుంటాడు. నువ్వొచ్చినోళ్లందరితోటీ తగువులాడతన్నావు, గుమ్మం కాడికి ఇనిపించినాది" అంది. "మా ఆయన అగ్గి సుట్టూ తిరిగి, మంత్రాలన్నీ సదివి నన్ను కట్టుకున్నాడు. సచ్చేదాకా ఒక్క నిజం సెప్పలేదు. నువ్వు ఒక్క అబద్దమాడితే పనయిపోయీది, అదీ సేతకాలేదు. ఒసే, అలా నిలబడతావేటి? ఆకలేస్తంది, క్యారేజీ తియ్యి."

మా ఆవిడ గబగబా మూత తీసింది. అమ్మమ్మ ఒక ముద్ద తిని, "ఉప్పెక్కువయినాది" అని, ఇంకాస్త వెయ్యమంది. బావమరిదీ వ్యాను దగ్గర్నుంచి తిరిగొచ్చాడు, చెప్పుల వరసల మధ్య కూర్చుని నలుగురం తిన్నాం. నా జీవితంలో నేను మాట్లాడకుండా తిన్న మొదటి భోజనం అదే కావచ్చు.

అంతటితో అయిపోతే బాగుండేది. నెల్లిమర్ల తిరిగి వచ్చాక ఆవిడ వీధి వీధంతా మా మనవరాలి మొగుడు శ్రీకూర్మంలో చెప్పుల మొక్కు తీర్చాడని చెప్పుకుంది. నిజం తెలిసీ ఇలా చెప్పడం అన్యాయమని నేను వెళ్లి నిలదీస్తే, "ఆళ్లకి అలా సెప్తేనే అర్దమవుతాది, నువ్వు మద్దిన కల్పించుకోకు" అని కసిరింది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. తరవాత శ్రీకూర్మం లోపలికి కూడా వెళ్లాను. మండపం గోడల మీది పాత రంగుల బొమ్మల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను, దండం మాత్రం పెట్టలేదు. బాబాల గురించీ, దెయ్యాల గురించీ, జాతకాల గురించీ ఇన్నేళ్లుగా రాస్తూనే ఉన్నాను. కానీ అమ్మమ్మ ఉన్న వీధిలో ముసలమ్మలెవరైనా నన్ను ఆపి, "నీ మొక్కు పలించినాదా బాబూ?" అని అడిగితే, పక్కనున్న మా ఆవిడను ఒకసారి చూసి, ఫలించిందనే చెబుతాను. ఆ ఒక్క మూఢనమ్మకాన్ని మాత్రం నేనింతవరకు ఖండించలేదు.