ఆరేళ్లు తొక్కని గడప

అగ్గిపెట్టెల షెడ్డులో నా కుడిచేయి కాలినప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. అగ్గిపుల్లల కట్టలు సర్దుతుంటే ఒకటి ఒరుసుకుని భగ్గుమంది. చేయి వెనక్కి లాక్కునే లోపలే మంట ముంజేతి దాకా పాకింది. దగ్గరలోని గుడియాత్తంలో కట్టు కట్టి వేలూరు పంపించారు. అక్కడి ఆసుపత్రిలో నెలన్నర ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి.

మాది లుంగీలు నేసే ఇల్లు. మా ఆయన నేసేందుకు పొద్దున్నే రాట్నం మీద కండెలకు నూలు చుట్టిపెట్టి, తర్వాత షెడ్డుకు పోయేదాన్ని. ఇప్పుడు పోగు నా వేళ్లకు అందక తెగిపోయేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. మగ్గం దిగి వచ్చి, ముడి వేసి, మళ్లీ వెళ్లి కూర్చునేవాడు. ఆ మాట్లాడకపోవడం నాకు తిట్టులాగే ఉండేది. వీధిలోవాళ్లు మొదటి వారం పళ్లు తెచ్చారు. రెండో వారం నుంచి మా వాకిలి ముందు ఆగకుండా గబగబా దాటిపోయేవాళ్లు. అందరికంటే ఎక్కువగా నన్ను తిట్టినది మాత్రం నేనే. రోజూ చేతికేసి చూసి, ‘మొద్దుదానా, ఆ మాత్రం జాగ్రత్త లేదా’ అనుకునేదాన్ని.

బుధవారం బుధవారం వేలూరు ఆసుపత్రిలో కాలినవాళ్లను ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెట్టేవాళ్లు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమనేది. బస్సులో అంత దూరం నిలబడి వచ్చింది దీనికా అని నాకు చిర్రెత్తేది. ఊపిరి చూసుకుంటే వేళ్లు విచ్చుకుంటాయా?

మూడో బుధవారం ఆవిడ తమిళంలో ఒక ప్రశ్న అడిగింది. మీకు కావలసిన మనిషికి ఇలాగే అయి ఉంటే ఆమెతో ఏం చెప్పేవాళ్లు? ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి, అంది. ఒక్కొక్కరూ చల్లటి మాటలు చెప్పారు. నా వంతు వచ్చింది. నాకు కావలసిన మనిషికి నిజంగానే అలా అయింది. అప్పుడు నేను ఆమెతో ఒక్క మాటా అనలేదు.

ఆరేళ్ల కిందట అదే షెడ్డులో, నా పక్కన కూర్చుని పనిచేసే అక్కకు ముఖం, మెడ కాలాయి. రోజూ ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లం. ఆమె ఇల్లు మాకు మూడు వీధుల అవతలే. మొదట ఆ ముఖం చూడాలంటే భయమేసి పోలేదు. తర్వాత పోలేదన్న సిగ్గుతో పోలేదు. ఆ తర్వాత రేషను కొట్టు దగ్గర కనిపిస్తే గోడ వైపు తిరిగి నిలబడడం అలవాటైపోయింది.

ఆ బుధవారం మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. తల ఎత్తి చూసింది.

“ఇప్పుడు తెలిసినాదా మా ఇల్లు యాడ ఉండాదో?”

“తప్పయిపోయింది అక్కా.”

“నీకు కాలింది గాబట్టి వచ్చినావు. లేకుంటే వచ్చేదానివా?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “వచ్చేదాన్ని కాదు” అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. “మొకం కాలినందుకు నేను ఏడవలా. మా అత్త పెండ్లిళ్లకు రావద్దనింది, దానికీ ఏడవలా. సాయంత్రమైతే నువ్వు వస్తావని వాకిలి చూస్తా కూచునేదాన్ని. దానికి ఏడ్చినా.”

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. ఆమే, “చెయ్యి ఇట్ల తీసకరా” అంది. ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. నర్సుల తర్వాత ఆ చేతిని చూపు తిప్పుకోకుండా చూసిన మనిషి ఆమే. కొబ్బరినూనె రాసి ఉంగరపు వేలును మెల్లగా లాగింది. ప్రాణం పోయినట్టయింది.

“రొంబ నొప్పిగా ఉండాదా? ఊపిరి బిగబట్టొద్దు, విడు. నొప్పి యాడ ఉండాదో ఆడనే చూడు.”

డాక్టరమ్మ చెప్పిందీ అదే. ఈసారి విన్నాను.

రోజూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని. నెల తర్వాత ఒకరోజు అడిగాను, “నన్ను మన్నించినావా అక్కా?”

“లేదు” అంది, వేలు వదలకుండా. “మన్నిస్తేనే నూనె రాయాలనేముండాది? రేపు జల్దీ రా.”

ఆ జవాబు నన్ను చాలా రోజులు కోసింది. కానీ అందులో మోసం లేదు. ఆమె కోపం ఆమె దగ్గర పెట్టుకునే నా చేయి పట్టుకుంది. అయితే నా తప్పు నా దగ్గర పెట్టుకునే నేనూ ఈ చేతిని తిట్టకుండా ఉండవచ్చు కదా అని అప్పుడు మొదటిసారి అనిపించింది. తర్వాత బుధవారాలకు ఆమె కూడా నాతో వేలూరు వచ్చింది. రెండు నెలలు ముఖానికి కొంగు చుట్టుకుని ఒక మూల కూర్చుంది. మూడో నెలలో కొంగు తీసింది.

ఉంగరపు వేలు విచ్చుకుంది. చిటికెన వేలు విచ్చుకోలేదు. కండెలు చుడుతున్నాను, మునుపటిలో సగం.

ఈ మధ్య మా వీధిలో ఒక పాపకు చెవులు కుట్టించారు. అక్క వద్దంటున్నా భోజనానికి వెంట తీసుకువెళ్లాను. మేం చాప మీద కూర్చోగానే పక్కనున్న ఇద్దరు నీళ్లకని లేచి మళ్లీ రాలేదు. వాళ్ల మీద గొంతెత్తాను. గుమ్మంలో ఉన్న నా తోడికోడలు అంది, “ఆరేళ్లు నువ్వు మాత్రం పోయినావా?”

ఒకప్పుడైతే ఆ మాటకు అక్కడే కుంగిపోయేదాన్ని.

“పోలా. తప్పు చేసినా” అన్నాను. చెప్పి అక్కడే కూర్చున్నాను.

చాప సగం ఖాళీగానే ఉంది. ఎవరూ వచ్చి నింపలేదు. అక్క ఎవరి వైపూ చూడకుండా అన్నం కలుపుకుంటోంది.

“రసం బాగుండాది, ఇంకొంచెం పొయ్యమను” అంది.