ఒకే సంచిలో తూటాలు

మా ఇంట్లో రెండు తుపాకులున్నాయంటే ఇక్కడ వేల్స్‌లో, కార్డిఫ్‌లో మన తెలుగువాళ్లు ముందు నమ్మరు. నమ్మిన తర్వాత మా ఇంటికి భోజనానికి రావడానికి కాస్త ఆలోచిస్తారు. నేను నర్సును, మా ఆయన సాఫ్ట్‌వేర్. ఇద్దరిదీ కడప అని చెప్పగానే "ఓహో, అయితే సరే" అని నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేం కాల్చేది మట్టి పళ్లేలను. అరచేతి వెడల్పు నారింజ రంగు పళ్లేన్ని యంత్రం గాల్లోకి విసిరితే, అది కింద పడేలోపు పేల్చాలి. మా వార్డులో పనిచేసే ఆవిడ ఒకసారి సరదాకు ఊరవతల కొండమీదున్న షూటింగ్ క్లబ్‌కు తీసుకెళ్లింది. మొదటి పళ్లెం ముక్కలైనప్పుడు ఈ వయసులో ఆ కొండమీద గెంతులేశాను.

సంగతి తెలిసి మా తమ్ముడు కడప నుంచి వీడియో కాల్ చేశాడు.

"ఇంగేం భయం అక్కా! ఇంట్లోకి దొంగలొస్తే కాల్చిపారెయ్యొచ్చు."

"ఒరేయ్, ఆ మాట ఈడ అంటే లైసెన్సు పీక్కోని పోతారు!"

ఇంటి రక్షణకని అడిగితే ఈ దేశంలో తుపాకీ ఇవ్వరు. ఆట కోసమని చెప్పాలి. పోలీసాయన ఇంటికొచ్చి, గోడకు బోల్టులు బిగించిన స్టీలు బీరువా చూసి తృప్తి పడాలి. తూటాలు వేరేచోట దాస్తాం. నేను తాళాలు వెతికేలోపు దొంగ టీ కాచుకుని తాగి పోతాడని చెబితే మా తమ్ముడు చాలా నిరాశపడ్డాడు.

క్లబ్‌లో కొన్నాళ్లు కొత్తవాళ్లుగా ఉన్నాక, ఒక ఆదివారం మాకు పూర్తి సభ్యత్వం ఇవ్వాలో వద్దో తేల్చేరోజు వచ్చింది. తేల్చేది భద్రత చూసుకునే వెల్ష్ పెద్దావిడ. నాకు ఆ సభ్యత్వం కావాలి. ఆసుపత్రి డ్యూటీల నడుమ దొరికే ఆదివారాల్లో అంత సంతోషం నాకు ఇంకెక్కడా లేదు. ఆ పొద్దున నేను నైట్ డ్యూటీ నుంచి నేరుగా వెళ్లాను. సామాను ఆయన తెచ్చారు.

ఎక్కడికి పోయినా ఇంటిల్లిపాదికీ ఒకే సంచి సర్దడం మా అత్తగారింటి పద్ధతి. ఆ సంచిలోంచి ఆయన గుప్పెడు తూటాలు జేబులో పోసుకుని, పెద్దావిడతో కబుర్లు చెబుతూ తన వంతుకు వెళ్లారు. నాకేమో ఆకలి. చిత్రాన్నం డబ్బా కోసం సంచిలో చెయ్యి పెడితే తూటాలు తగిలాయి. ఎర్రవీ పసుపువీ కలిసిపోయి ఉన్నాయి.

ఎర్రవి ఆయన తుపాకీవి. పసుపువి నావి, సన్నవి. నా గొట్టం సన్నది కాబట్టి నాకు సరిపోతాయి. ఆయన లావు గొట్టంలో వేస్తే జారి ముందుకుపోయి ఇరుక్కుంటాయి. వెనక మామూలు తూటా వేసి కాలిస్తే గొట్టమే పగిలిపోతుంది. పొరపాటున కలవకూడదనే వాటికి పసుపు రంగు వేస్తారు. మొదటిరోజే పెద్దావిడ మా ఇద్దరికీ చెప్పిన విషయం ఇది.

అప్పుడే అటునుంచి ఢామ్మనాల్సింది టిక్కుమంది. తల తిప్పి చూశాను. ఆయన తుపాకీ తెరిచి, ఖాళీగా కనిపించేసరికి, వెయ్యడం మరిచిపోయాననుకుని జేబులోంచి ఇంకోటి తీస్తున్నారు.

"ఎయ్యొద్దండీ! ఇంగోటి ఎయ్యొద్దు!"

పక్క పొలంలో గొర్రెలు కూడా తలలెత్తాయి. పెద్దావిడకు తెలుగు రాదు, అయినా చెయ్యెత్తి అందరినీ ఆపింది. నేను పరుగెత్తి తెరిచిన తుపాకీ అందుకుని, వెనకనుంచి ఆకాశం వైపు చూశాను. ఉన్న రెండు గొట్టాల్లో ఒకదాంట్లో వెలుగుంది. రెండోది చీకటి. పెద్దావిడ సన్నటి కడ్డీ పెట్టి నెడితే పసుపు తూటా నా చేతిలో పడింది.

"తూటాలన్నీ తూటాలే గదా అనుకొని..." అని మొదలుపెట్టిన మా ఆయన, గొట్టాన్ని పట్టుకునే తన ఎడమచేతిని చూసుకుని మాట మింగేశారు. నేను మాత్రం ఆగలేదు. మా అత్తగారి సంచులన్నిటినీ వరసగా తిట్టి, మధ్యలో ఏడ్చి, ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చాలా భయపడ్డాను.

పెద్దావిడ మా పక్కనే కూర్చుని చిత్రాన్నం రెండోసారి వడ్డించుకుంటూ తీర్పు చెప్పింది. నేను ఆరోజు నుంచే సభ్యురాలిని. ఆయన మళ్లీ మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలి, నేను సరే అంటేనే తూటా వెయ్యాలి. మా పెళ్లయ్యాక నాకంత అధికారం ఎవరూ ఇవ్వలేదు. ఇంటికెళ్లేదాకా పాటలు పాడుతూ కారు నడిపాను.

తర్వాతి ఆదివారం ఆయన తన వంతుకు వెళ్లి, తుపాకీ తెరిచి, నేనొచ్చేదాకా ఆగారు.

"చూడు" అన్నారు.

చూశాను. రెండు గొట్టాల్లోనూ ఆకాశం కనిపించింది. ఆయన అరచేతిలో ఎర్ర తూటాలున్నాయి. అవీ తిప్పి చూశాను.

"ఊ, ఎయ్యండి" అన్నాను.

తుపాకీ ఢామ్మంది. పళ్లెం పెచ్చు కూడా ఊడకుండా కొండ వెనక్కి పోయింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.